దిరిసెన ఉయ్యాల బల్ల

మొన్న ఒక మధ్యాహ్నం ఆళ్లగడ్డ నుంచి మా తమ్ముడు రమణ ఫోన్ చేశాడు. ఇంట్లో పాత అటకలు తీసేసి ప్లైవుడ్ బీరువాలు పెట్టిస్తున్నాడు. "అక్కా, నీ ఉయ్యాల బల్ల బయటపడింది. మా పనోడు సూసి, ఇది పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదంటాండాడు. పారేద్దామా?" అన్నాడు. వాడు మామూలుగానే అడిగాడు. "నీ" అన్న మాట మాత్రం నాకు చురుక్కుమంది. ఇంట్లో అందరూ దాన్ని తాత బల్ల అనేవారు, వంకర బల్ల అనేవారు. అది నాది అని వాడికెవరు చెప్పారో తెలియదు. "పారేయొద్దు, రేప్పొద్దున వస్తాండా" అని ఫోన్ పెట్టేశాను. కాలేజీలో ముప్పై ఏళ్ళకు పైగా వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. రోజంతా నంద్యాలలో చేసే రాచకార్యాలేమీ లేవు. అయినా ఆ సాయంత్రం బట్టలు మడతపెడుతూ పెడుతూ మడిచినవే మళ్ళీ మడిచాను.

బస్సులో కూర్చుంటే గంట దారి. ఈ పని మీద ఆ గంట ప్రయాణం పెట్టుకోవడానికి నాకు యాభై ఎనిమిదేళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పాలంటే ముందు ఒక చెట్టు సంగతి చెప్పాలి.

మా చేను గట్టున, వంక ఒడ్డున ఒక దిరిసెన చెట్టు ఉండేది. వంక నీళ్ళు ఏటేటా ఒడ్డు కోసేయడంతో అది నీళ్ళ మీదికి బాగా వాలిపోయింది. ఎండాకాలం మొదట్లో పూత పట్టిందంటే పౌడరు రాసే కుచ్చుల్లాంటి పూలు, చేను చేనంతా తియ్యటి వాసన. చలికాలం ఆకు రాలిపోయి ఎండుకాయలు మిగిలితే చిన్న గాలికే గలగలమనేవి. మా అవ్వ ఆ చప్పుడు వింటే చాలు, "ఆ చెట్టుకు నోరు మూతపడదు, నీ మాదిరే" అని నన్ను అనేది. ఆ చెట్టు మాను మీదికి నేను చేతులు ఆనించకుండా పరుగెత్తి ఎక్కేదాన్ని. మానెంత వాలి ఉంటే తొమ్మిదేళ్ళ పిల్ల అలా ఎక్కగలదో మీరే ఊహించుకోండి. ఊరి పిల్లల్లో ఆ విద్య నాకొక్కదానికే వచ్చు. ఆ గొప్ప నేను కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. చెప్పవలసిన ఒక్క మనిషి దగ్గర మాత్రం చెప్పలేదు.

ఇక ఉయ్యాల. మా జేజినాయన, అంటే నాయన వాళ్ళ నాయన, పత్తి అమ్మడానికి నంద్యాల పోతే ఒక శెట్టి గారింట్లో దిగేవాడు. ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయాడు. ఆ ఇంటి నడవాలో ఇత్తడి గొలుసులకు వేలాడే ఉయ్యాల బల్ల ఉంది. చేతులు పడీ పడీ నున్నబడిన బల్ల అది. శెట్టి గారి భార్య "కూర్చోమ్మా" అంది. కూర్చున్నదాన్ని మళ్ళీ దిగలేదు. ఉగ్గాణి తెచ్చిచ్చినా అక్కడే తిన్నాను. ఇంటికి పోదాం రమ్మంటే గొలుసు పట్టుకుని ఏడ్చాను. మా జేజినాయన మొండి మనిషి, కోపిష్ఠి. ఆయన మీసం చూస్తేనే కూలోళ్ళు మాట తగ్గించేవాళ్ళు. ఆ రోజు మాత్రం నన్ను చేయెత్తి కొట్టలేదు. బస్సెక్కాక నాలుగు మైళ్ళు పోయినంక, "ఏడవాకు. మనం గూడా చేయిద్దాంలే" అన్నాడు. ఆ ఒక్క మాటకు దిరిసెన చెట్టు నేలకొరిగింది. ఎట్లాగూ ఒడ్డు విరిగి పడేదే అని ఆయన వాదన. చెట్టు పోయిందని నేను ఒక్క పూట కూడా బాధపడలేదు.

దుంగలు వడ్రంగి ఓబులాచారి గారి కొట్టానికి చేరాయి. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండేవాడు. మా వైపు తలుపో బండో చేయించాలంటే ఆయనే. కొట్టం వెనక ఒక చిన్న కుంట ఉండేది. వచ్చిన దుంగనల్లా అందులో ముంచి పైన బండరాళ్ళు పెట్టేవాడు. ఒక వానాకాలం పూర్తిగా నానాలి. తర్వాత తీసి నీడలో ఆరబెట్టాలి. ఆ కుంట దగ్గర పులిసిన అంబలి లాంటి వాసన వచ్చేది. మొదటిసారి పోయిన వాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, నాకు మాత్రం ఇష్టంగా ఉండేది. నానింది చాలో లేదో తెలుసుకోవడానికి ఓబులాచారికి ఒక పద్ధతి ఉంది. ఉలితో సన్నటి పేడు తీసి నాలుక మీద పెట్టుకునేవాడు. కళ్ళు మూసుకుని కాసేపు చప్పరించి, "ఇంగా తీపి పోలే" అంటే దుంగ మళ్ళీ నీళ్ళలోకే. "చప్పబడింది" అంటే రంపం కిందికి. రెడ్డయినా, శెట్టయినా ఎంత తొందరపెట్టినా ఆ నాలుక తీర్పు మారేది కాదు. చెట్టు తన చెక్కలోని బతికున్న కణాల్లో పిండి, చక్కెర దాచుకుంటుంది. పురుగు వచ్చేది వాటి కోసమే. నీళ్ళలో నానితే అవి పోతాయి. ఇది నేను తర్వాత పుస్తకాల్లో చదువుకున్నాను. ఆయన పుస్తకం ముట్టని మనిషి.

ఆ రోజుల్లో పొద్దున్నే మా అవ్వ మజ్జిగ చిలికేది. సంగటి కెలికే చప్పుడు, కవ్వం చప్పుడు కలిసి వినపడితే ఇంట్లో తెల్లవారినట్టు. చిలకడం కాగానే ఒక చెంబు మజ్జిగ నా చేతికిచ్చి కొట్టానికి పంపేది. పనిచేసే వాళ్ళకు మజ్జిగ పంపడం మా ఇంటి ఆనవాయితీ. ఉయ్యాల ఎంతవరకు వచ్చిందో చూడడం నా ఆనవాయితీ. దిరిసెన కోసే రోజుల్లో ఆ కొట్టంలో ఒకటే తుమ్ములు. ఆ చెక్క పొడికి అంత ఘాటు. రంపానికి అటొకరు, ఇటొకరు నిలబడి లాగుతూ లాగుతూ ఇద్దరూ ఒకేసారి తుమ్మితే నాకు నవ్వాగేది కాదు.

ఒకరోజు నేను పోయేసరికి రంపం ఆగిపోయి ఉంది. ఓబులాచారి పలక మీద బొటనవేలు రాస్తున్నాడు. కోసిన చోట చెక్క నున్నగా తెగలేదు, పీచు పీచుగా లేచి ఉన్నిగుడ్డ మాదిరి ఉంది. రంపం పట్టేస్తోందట. ఆయన పక్కనున్న మనిషితో, "ఈ నూగు సూస్తే అనుమానంగా ఉండాది. వాలిన మాను పలక నిలవదు. అట్లయితే దీన్ని పక్కనబెట్టి ఇంగో దుంగ నానేయల్ల" అన్నాడు. ఇంకో దుంగ అంటే ఇంకో వానాకాలం. అంటే ఇంకో ఏడాది. నా చేతిలో చెంబు బరువెక్కింది. చెట్టు కొట్టిన వాళ్ళు అహోబిలం వైపు నుంచి వచ్చి పని కాగానే పోయారు. జేజినాయన నంద్యాలలో పత్తి బేరంలో ఉన్నాడు. ఎదురుగా ఉన్నది నేనొక్కదాన్నే.

"పాపా, మీ చేన్లో మాను నువ్వు సూసింటావు గదా. నిలువుగా ఉండెనా, వాలి ఉండెనా?" అన్నాడు.

"నిలువుగా ఉండె ఆచారన్నా" అన్నాను. తడుముకోలేదు. "కొబ్బరి చెట్టు మాదిరి నిలువుగా ఉండె" అని ఇంకో అబద్ధం కూడా దానికి తగిలించాను.

పక్కనున్న మనిషి ఏదో అనబోయాడు. ఓబులాచారి చేత్తో ఆపి, "చిన్నపిల్ల అబద్ధమాడ్తాదా ఏంది, పట్టు రంపం" అన్నాడు. మజ్జిగ తాగి చెంబు నాకిచ్చాడు. నేను ఇంటిదాకా గెంతుకుంటూ పోయాను. ఎవరైనా నా బాల్యం ఎలాంటిదని అడిగితే చాలా బాగుండేదని చెబుతాను. అందులో ఇదీ ఉంది.

ఉయ్యాల వచ్చింది. చలికాలమంతా దాని మీదే నా తిండీ నిద్రా. అవ్వ కూడా చింతపండు ఒలుస్తూ దాని మీదే కూర్చునేది. ఎండలు ముదిరేసరికి బల్ల ఒక మూల లేచింది. వారం తిరిగేసరికి దానికి ఎదురు మూల కూడా లేచింది. ఆళ్లగడ్డ ఎండ సంగతి తెలిసిందే, గోడలే పగులుతాయి. ఒకరోజు అవుకు నుంచి వచ్చిన చుట్టం ఒకాయన, భారీ మనిషి, ఉయ్యాల మీద హుందాగా కూర్చోబోయి జారి నడవా మధ్యన వెల్లకిలా పడ్డాడు. అందరం నవ్వాం. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. జేజినాయన నవ్వలేదు. చుట్టం ముందు తలకొట్టేసినట్టయింది ఆయనకు. ఓబులాచారిని పిలిపించాడు.

ఆయన వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. "నానేసినావా లేదా?" అన్నాడు జేజినాయన. "నానేసినా రెడ్డీ" అన్నాడు ఓబులాచారి. "అయితే ఇదేందీ? పచ్చి కట్టె తెచ్చి నా ఇంట్లో యాలాడగడ్తావా?" అరుగు మీద పదిమంది ఉన్నారు. పచ్చి కట్టెతో పని చేశాడనడం వడ్రంగికి ఎంత అవమానమో అక్కడందరికీ తెలుసు. ఓబులాచారి బల్ల కిందికి పోయి చూశాడు, పైకి వచ్చి చూశాడు. బొటనవేలు రాశాడు. "నాకు తెలీడంల్యా రెడ్డీ" అని మాత్రం అన్నాడు. నేను స్తంభం వెనక ఉన్నాను. నోరు తెరిస్తే ఆయన మాట నిలబడేది, నా వీపు పగిలేది. నోరు తెరవలేదు.

అప్పటి నుంచి ఆయనకు వంకరాచారి అని పేరు పడింది. ఊళ్ళో పేరు పడితే చెరిగేది కాదు. ఆ తర్వాత ఆయన చేసిన పని మాత్రం నన్ను ఇప్పటికీ కోస్తుంది. ఆయన ఎవరితోనూ వాదించలేదు. తను నానబెట్టింది చాలలేదేమో అనుకుని, ఆ తర్వాత ప్రతి దుంగనూ ఒక వానాకాలం బదులు రెండు వానాకాలాలు ముంచడం మొదలుపెట్టాడు. చప్పబడిందని నాలుక చెబుతున్నా ఇక దాన్ని నమ్మలేదు. అంత కాలం ఎవరాగుతారు? తలుపుల పనులు వేరే వాళ్ళకు పోయాయి. పార కాములు, అంటే పిడులు, మంచం కోళ్ళు మిగిలాయి. కొన్నాళ్ళకు అవీ పోయాయి. ఆయన కొడుకు బ్రహ్మయ్య రాయి పనిలో చేరాడు. మా ఊళ్ళో శిల్పాల పనికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. "రాయిని నానేసే పని ల్యా" అనేవాడట.

నేను పెద్దచదువుకు పోయాక ప్రయోగశాలలో ఒకరోజు చెక్క కోతలు చూపించారు. చెక్క అంటే లక్షల కొద్దీ సన్నటి గొట్టాలు. ఒక్కో గొట్టానికి ఒక గోడ. ఆ గోడ కట్టుబడి మా ఊరి మట్టిగోడ లాంటిదే. మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కుతారు కదా, అలా సెల్యులోజ్ పోగులు గడ్డి అయితే లిగ్నిన్ అనేది మట్టి. ఆ రెంటినీ అంటిపెట్టే జిగురు లాంటి పదార్థాలు మధ్యలో ఉంటాయి. పైన పలచటి పొర, లోపల మూడు పొరలు. ఒక పొరలో పోగులు అడ్డంగా చుట్టుకుంటే పక్క పొరలో నిలువుగా సాగుతాయి, అందుకే చెక్కకు ఆ గట్టితనం. ఎర్రరంగు వేస్తే లిగ్నిన్ ఉన్న చోటల్లా పట్టుకుంటుంది. సెల్యులోజ్ మాత్రమే ఉన్నచోట నీలం పట్టుకుంటుంది. మామూలు చెక్క అంతా ఎర్రగా కనపడింది. ఇంకో కోత పెట్టారు. ప్రతి గొట్టంలోనూ లోపలి వైపున మందపాటి నీలం పొర ఒకటి, గోడకు అంటీ అంటనట్టు మెలికలు తిరిగి ఉంది. మా మేడం చెప్పింది: వాలిన చెట్టు తనను తాను పైకి లేపుకోవాలని చూస్తుంది. దేవదారు లాంటి చెట్లు కింది వైపు నుంచి నెట్టుకుంటాయి. మన దిరిసెన, తుమ్మ లాంటివి పై వైపు నుంచి లాక్కుంటాయి. ఆ లాగే పొర ఇది, ఇందులో లిగ్నిన్ దాదాపు ఉండదు. కోస్తే నూగు లేస్తుంది. ఎండితే మామూలు చెక్క పొడవున ముడుచుకోదు, ఇది ముడుచుకుంటుంది. పలకలో ఒక పక్క ఇది, ఇంకో పక్క మామూలు చెక్క ఉంటే పలక మెలితిరిగిపోతుంది.

ఆమె "దిరిసెన" అనగానే నాకు చెవుల్లో తుమ్ములు వినపడ్డాయి. సెలవులకు ఇంటికి వచ్చి, అటక ఎక్కించిన బల్ల అడుగున ఒక పేడు గీసుకుని పోయాను. రంగు వేసి చూశాను. నీలం పొర. ఎన్నేళ్ళు నానబెట్టినా ఆ పొర పోయేది కాదు. ఆ మనిషి రెండేసి వానాకాలాలు వృథాగా కుంట చుట్టూ తిరిగాడు.

అప్పుడైనా పోయి చెప్పవచ్చు కదా అంటారు. చెప్పలేదు. మొదట సిగ్గేసింది, తర్వాత ఉద్యోగం, పిల్లలు అన్నాను, ఆ తర్వాత ఇంత ఆలస్యంగా చెబితే బాగోదనుకున్నాను. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ పేడుతో చేసిన స్లయిడునే ప్రతి ఏడూ పిల్లలకు చూపించాను. "ఇది ఆళ్లగడ్డ దిరిసెన" అని గొప్పగా చెప్పేదాన్ని. నా పాఠాల్లో పిల్లలు మెచ్చుకునేది అదొక్కటే. ఆయన పరువు తీసిన చెక్క నాకు మంచి టీచరన్న పేరు తెచ్చింది.

రమణ ఫోన్ చేసిన మర్నాడు ఇంటికి పోయేసరికి గదుల్లో ప్లైవుడ్ జిగురు వాసన ముక్కు పగలగొడుతోంది. పాతకాలపు వాళ్ళలాగా ప్లైవుడ్‌ను తిట్టాలని నాకూ ఉంటుంది, కానీ చదువుకున్న నోరు ఒప్పుకోదు. ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం పెట్టి అతికిస్తారు, కాబట్టి అది వంగదు. చెట్టు తన గోడలో ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఫ్యాక్టరీ వాళ్ళు ఇప్పుడు చేస్తున్నారు. తలుపు చేయించుకోవడానికి ఇప్పుడెవరూ ఏడాది ఆగనక్కర్లేదు. నాలాంటి పిల్ల అబద్ధమాడే అవసరమూ లేదు. చెట్టు ఎలా నిలబడిందని అడిగే మనిషీ లేడు. ఇందులో ఏది లాభమో ఏది నష్టమో నాకు తేలదు. ఆ పులిసిన అంబలి వాసన కోసం మాత్రం ప్రాణం కొట్టుకుంటుంది.

"ఓబులాచారి ఉండాడా?" అని రమణను అడిగాను. "ఉండాడు. కొడుకు షెడ్డులోనే కూసోనుంటాడు పొద్దస్తమానం. చెవులే సరిగ్గా వినపడవు. ఎందుకక్కా?" అన్నాడు. బల్ల ఆటోలో పెట్టించుకుని ఇద్దరం పోయాం. అహోబిలం రోడ్డు పక్కన రేకుల షెడ్డు. చుట్టూ సగం చెక్కిన నందులు, స్తంభాలు, గాలి నిండా రాతి పొడి. నలుగురు పనివాళ్ళతో కలిసి బ్రహ్మయ్య ఉలి కొడుతున్నాడు. పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దాదాపు తొంభై ఏళ్ళ మనిషి. నేను ఎవరినో రమణ గట్టిగా చెప్పాడు.

"సరోజవా? మజ్జిగ తెచ్చే పాపవా?" అన్నాడు. నా జుట్టు తెల్లబడిందని ఆయనకు పట్టలేదు.

బల్ల ఒక కొసను ఆయన మోకాళ్ళ మీద ఆనించి పెట్టించాను. కళ్ళు సరిగ్గా ఆనకపోయినా బొటనవేలు గుర్తుపట్టింది. ముఖం మాడిపోయింది. "ఇదెందుకు తెచ్చినావు మ్మే" అన్నాడు. ఆ ముఖం చూసి లేచి వెళ్ళిపోదామా అనిపించింది. "ఆచారన్నా, తప్పు నువ్వు నానేసిన దాంట్లో ల్యా. ఆ పొద్దు నువ్వు మాను సంగతి అడిగితే నేను నీకు అబద్ధం చెప్పినా" అన్నాను. "ఏందీ?" అన్నాడు చెవి దగ్గర చేయి పెట్టి. రెండోసారి అరవాల్సి వచ్చింది. ఉలి చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగాయి.

ఆయన వేలు బల్ల అడుగున నేను గీసిన చోట ఆగింది. "ఈడ గీసిందెవరు?"

"నేనే. పెద్దచదువు చదివేటప్పుడు మైక్రోస్కోపులో పెట్టి చూసినా. అప్పుడే తెలిసింది."

"అంటే అప్పటి నుంచి నీకు తెలుసు" అన్నాడు. కోపంగా అనలేదు, అయినా నాకు ఏడుపు వచ్చింది. "పిల్లప్పుడు చెప్పింది పోనీలే. ఉయ్యాల మీద ఆశ. పెద్దయినంక యాడికి పోయినావు?"

పెద్దాయన బల్ల అంచు పొడవునా ఇంకోసారి వేలు పోనిచ్చాడు. తర్వాత తలెత్తి, షెడ్డులో అందరికీ వినపడేలా, "పాపా, మాను నిలువుగా ఉండెనా, వాలి ఉండెనా?" అని అడిగాడు.

"వాలి ఉండె ఆచారన్నా. చేతులు పెట్టకుండా ఎక్కేదాన్ని. అంత వాలి ఉండె."

"బ్రహ్మయ్యా, ఉలి ఇట్ల తే" అన్నాడు. కొడుకు రాతి ఉలి తెచ్చి చేతిలో పెట్టాడు. దానితోనే బల్ల అంచున సన్నటి పేడు ఒకటి లేపి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని చప్పరించాడు. ఇంకో పేడు తీసి కొడుకు నోటి దగ్గర పట్టాడు. అరవై ఏళ్ళు పైబడిన ఆ కొడుకు, రాతి పొడితో తెల్లబడిన మూతి తుడుచుకుని, వంగి అందుకున్నాడు.

"ఎట్లుండాది?" అన్నాడు పెద్దాయన.

"చప్పగా ఉండాది నాయనా."

"ఆ పొద్దు గూడా చప్పగానే ఉండె" అన్నాడు ఓబులాచారి.